ఒడ్డు కోసమా, నీటి కోసమా? ఈత దుస్తుల ఎంపికపై ఒక పరిశీలన

ఉత్తరార్ధగోళంలో ఏటా వేసవి దగ్గరపడేసరికి ఒక రకం రచన పత్రికలలో, దుకాణాల ప్రకటనలలో తప్పక కనిపిస్తుంది. సముద్రతీర విహారానికి వెళ్ళేవారు ఏ ఈత దుస్తులు కొనాలి, వాటికి తోడుగా ఏ టోపీ, ఏ చలువ కళ్ళద్దాలు, ఏ సంచీ, ఏ చెప్పులు తీసుకోవాలి అని వివరించే రచన అది. దీనిని ఎవరూ సాహిత్య ప్రక్రియ అనరు. అయినా ఒక ప్రక్రియకు ఉండే లక్షణాలు చాలావరకూ దీనికి ఉన్నాయి: స్థిరమైన నిర్మాణం, పరిమితమైన పదజాలం, ముందుగానే ఊహించుకున్న ఒక పాఠకురాలు, ఆమె దేహంలో ముందుగానే నిర్ణయించిన ఒక లోపం. ఎంతోమంది చదివి, దాని ప్రకారం డబ్బు ఖర్చుపెట్టే రచన కనుక దీనిని విమర్శకు పెట్టడం అనవసరమైన పని కాదు.

ఈ రచనలు ముందుగా స్త్రీ దేహాన్ని పళ్ళతోనో వస్తువులతోనో పోలుస్తాయి. ఆపిల్ ఆకారం, బేరిపండు ఆకారం, ఇసుక గడియారం ఆకారం అని వర్గీకరించి, ఒక్కొక్క ఆకారానికి ఒక్కొక్క కత్తిరింపును సూచిస్తాయి. నిలువు చారలు సన్నగా చూపుతాయి, ముదురు రంగులు పొట్టను దాస్తాయి, నడుము దగ్గర కుచ్చులు లేని వంపును తెచ్చిపెడతాయి. ఈ వాక్యాలలోని క్రియలను ఏరి చూస్తే 'చూపు', 'దాచు' అనే రెండింటి చుట్టూనే అవన్నీ తిరుగుతాయి. ఈదడం, మునగడం, తేలడం, ఒడ్డెక్కడం అనే క్రియలు ఎక్కడో గాని కనిపించవు. ఈత దుస్తుల గురించి రాసిన రచనలో ఈత లేకపోవడం చిన్న విషయం కాదు.

సముద్రతీరంలో ఒక దుస్తుకు ముగ్గురు తీర్పరులు ఉంటారు: చూసేవారి కన్ను, నీరు, ఎండ. ఎంపిక మార్గదర్శినులు మొదటి తీర్పరి మాటే వింటాయి. కన్ను ఒడ్డున ఉంటుంది. దాని కోసమే ఎంచుకున్న దుస్తు చివరికి మనిషిని ఒడ్డునే కూర్చోబెడుతుంది. ఈత దుస్తుల చరిత్రలో ఎక్కువ భాగం ఒడ్డుకూ నీటికీ మధ్య జరిగిన ఈ తగాదాయే. ఆ తగాదాలో తెలుగువారికీ ఒక వాటా ఉంది.

బరువు కుట్టిన అంచులు

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో సముద్రస్నానం ఆరోగ్యానికి మంచిదన్న నమ్మకం ప్రబలింది. మార్గేట్, స్కార్బరో వంటి తీర పట్టణాలలో స్నానపు బళ్ళు వెలిశాయి. ఇవి చక్రాల మీద నిలిపిన చిన్న చెక్క గదులు. లోపల బట్టలు మార్చుకుంటే, గుర్రం ఆ బండిని నీటి దాకా లాగేది. స్నానానికి వచ్చినవారు మెట్ల మీదుగా నేరుగా నీళ్ళలోకి దిగేవారు. ఒడ్డున ఉన్నవారి కంట పడకుండా నీటిని చేరడమే దాని ప్రయోజనం. స్త్రీలు ముతక బట్టతోనో ఉన్ని బట్టతోనో కుట్టిన పొడుగాటి గౌనులు వేసుకునేవారు. నీటిలో ఆ గౌను పైకి తేలకుండా అంచులలో బరువులు కుట్టించుకోవడమూ ఉండేది.

ఈ చివరి వివరం దగ్గర కాస్త ఆగాలి. నీటిలోకి దిగే మనిషి దుస్తులకు కావాలని బరువు చేర్చడం నీటి వైపు నుంచి చూస్తే అర్థం లేని పని. ఒడ్డు వైపు నుంచి చూస్తే అందులో తర్కం ఉంది. ఆనాటి స్త్రీ నీటిలో మునిగి లేచేది, తాడు పట్టుకుని నిలబడేది. ఈదాలని ఎవరూ ఆశించలేదు. ఆశించని పనికి దుస్తు అవసరం లేదు. దుస్తు లేనందువల్ల ఆ పని మరింత అసాధ్యమయింది. అలవాటూ బట్టా ఒకదాన్నొకటి బలపరచుకునే ఈ వలయం తరువాతి శతాబ్దాలలోనూ వేరు వేరు రూపాలలో కనిపిస్తూనే ఉంటుంది.

వలయాన్ని తెంచినవారిలో ఆస్ట్రేలియా ఈతగత్తె ఆనెట్ కెల్లర్‌మన్ ముఖ్యురాలు. చిన్నతనంలో కాళ్ళ బలహీనతకు ఇనుప పట్టీలు కట్టుకుని తిరిగిన ఈమె, చికిత్సగా మొదలుపెట్టిన ఈతలో ప్రావీణ్యం సంపాదించింది. ఇంగ్లీష్ ఛానల్ దాటడానికి ప్రయత్నించింది. పావడాలూ కుచ్చులూ వదిలి, దేహానికి అంటుకుని ఉండే ఒకే ముక్క దుస్తును ప్రచారంలోకి తెచ్చింది. ఈత నేర్చుకోవడం గురించి 1918లో ఆమె రాసిన పుస్తకంలో దుస్తుల ప్రస్తావన కూడా ఉంది. ఈత దుస్తును అంచనా వేయడానికి ఆమె పెట్టుకున్న ప్రమాణం సూటిగా ఉంటుంది: అది నీటిలో పనికివస్తుందా, పొడి నేల మీద మాత్రమే పనికివస్తుందా? నూరేళ్ళు దాటినా ఇంతకన్నా మంచి ప్రమాణం ఎవరూ చెప్పలేదు.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి స్త్రీలకు ఈత పోటీలు పెట్టారు. నూరు మీటర్ల పోటీలో స్వర్ణం గెలిచిన ఆస్ట్రేలియా ఈతగత్తె ఫానీ డ్యూరాక్ అక్కడికి వెళ్ళడానికే ముందు తన రాష్ట్రపు మహిళా ఈత సంఘంతో పెనగులాడవలసి వచ్చింది. పురుషులు చూస్తుండగా స్త్రీలు పోటీ పడరాదన్నది ఆ సంఘం నియమం. పదేళ్ళ తరువాత, 1922లో, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని టైడల్ బేసిన్ స్నానఘట్టం వద్ద స్త్రీల ఈత దుస్తు మోకాలికి ఎన్ని అంగుళాలు పైన ఉందో టేపు పెట్టి కొలిచారు. ఆరు అంగుళాలకు మించరాదన్నది అప్పటి ఉత్తర్వు. ఆనాటి ఛాయాచిత్రాన్ని ఈనాటివారు వింతగా చూస్తారు. అయితే ఆ టేపు ఇంకా ఎవరి చేతిలోనో ఉంది. కొలత మాత్రం మారుతూ వస్తోంది.

రెండు ముక్కల చరిత్ర

సిసిలీ ద్వీపంలోని పియాట్సా ఆర్మెరీనా దగ్గర నాలుగో శతాబ్దానికి చెందిన రోమన్ భవనం ఒకటి ఉంది. అందులోని నేల మీది రంగురాళ్ళ చిత్రంలో కొందరు యువతులు ఛాతీకి ఒక పట్టీ, నడుముకు ఒక చిన్న గుడ్డ కట్టుకుని కనిపిస్తారు. పర్యాటకులు వారికి 'బికినీ అమ్మాయిలు' అని పేరు పెట్టారు. కాని ఆ చిత్రంలో సముద్రం లేదు. వారు పరుగెత్తుతున్నారు, బంతి ఆడుతున్నారు, బరువులు పట్టుకుని వ్యాయామం చేస్తున్నారు. ఒంటి మీద బట్ట తక్కువగా ఉండటానికి కారణం అక్కడ పనిలోనే ఉంది.

ఆధునిక బికినీ పుట్టుక వేరు. 1946 జూలై 5న పారిస్‌లోని మోలితోర్ ఈతకొలను వద్ద లూయీ రేయార్ దానిని ప్రదర్శించాడు. అతడు వృత్తిరీత్యా వాహనాల ఇంజనీరు. తల్లి నడిపే లోదుస్తుల వ్యాపారాన్ని చేపట్టాడు. ఆ దుస్తును వేసుకుని నిలబడినది మిషెలిన్ బెర్నార్దినీ అనే నాట్యకత్తె. బట్ట మీద వార్తాపత్రికల అచ్చును ముద్రించారు. ఈ దుస్తు పత్రికలకు ఎక్కుతుందని తయారు చేసినవాడికి ముందే తెలుసునన్నమాట. చూసేవారి కన్ను ఆ దుస్తుకు అనుకోకుండా తారసపడినది కాదు, దాని రూపకల్పనలోనే భాగం.

పేరు సంగతి ఇంకా ఆలోచించదగినది. సరిగ్గా నాలుగు రోజుల ముందు, జూలై 1న, పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ పగడపు దీవి వద్ద అమెరికా అణుబాంబు పరీక్ష జరిపింది. దానికోసం ఆ ఏడాది మార్చిలో 167 మంది ద్వీపవాసులను అక్కడినుంచి తరలించారు. తాత్కాలికం అని చెప్పిన ఆ వలస వారి సంతానానికి శాశ్వతమయింది. సముద్రతీరాన్ని పోగొట్టుకున్న జాతి పేరు సముద్రతీర విలాసానికి గుర్తుగా మారడం భాషలో జరిగిన ఒక అన్యాయం. దుస్తు పొట్టిదా పొడుగుదా అని దశాబ్దాల తరబడి వాదించినవారు ఈ పేరు గురించి అంతగా వాదించలేదు.

బికినీని బానిసత్వం అనడమూ విముక్తి అనడమూ రెండూ తొందరపాటే. సర్ఫింగ్ చేసే స్త్రీకి అది తేలికగా ఉండవచ్చు, అల వచ్చి కొట్టినప్పుడు జారిపోయి ఇబ్బంది పెట్టవచ్చు. ఎవరు నిర్ణయించారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2021లో నార్వే మహిళల బీచ్ హ్యాండ్‌బాల్ జట్టు నియమం ప్రకారం వేసుకోవలసిన బికినీ అడుగుభాగానికి బదులు పొట్టి నిక్కర్లు వేసుకుని ఆడింది. అందుకు ఆ జట్టుకు 1,500 యూరోల జరిమానా పడింది. విమర్శలు రావడంతో అదే ఏడాది నియమాన్ని మార్చారు. 1922లో బట్ట చాలదని కొలిచిన టేపు 2021లో బట్ట ఎక్కువయిందని కొలిచింది. ఆడేవారి సౌకర్యాన్ని రెండు సందర్భాలలోనూ అడగలేదు.

కప్పుకున్న దేహం మీద నిషేధం

ఇదే సూత్రం మరో దిక్కునుంచి కనిపించేది బుర్కినీ విషయంలో. లెబనాన్ మూలాలున్న ఆస్ట్రేలియా మహిళ అహీదా జనెట్టీ 2004లో దీనిని రూపొందించింది. ముఖం, అరచేతులు, పాదాలు తప్ప దేహాన్నంతా కప్పే ఈ దుస్తు తేలికపాటి ఈత బట్టతో కుట్టినది. త్వరగా ఆరుతుంది, కాళ్ళకు చుట్టుకోదు. అంతవరకూ ఒడ్డున కూర్చున్న ముస్లిం యువతులు నీటిలోకి దిగడానికి ఇది తోవ చూపింది. ఎరుపు, పసుపు రంగులలో తయారైన బుర్కినీ వేసుకుని ఆస్ట్రేలియా తీరంలో ప్రాణరక్షకురాలిగా పనిచేసిన యువతి కూడా ఉంది.

2016 వేసవిలో ఫ్రాన్సులోని పలు తీర పట్టణాలు ఈ దుస్తును నిషేధించాయి. ఆగస్టు 26న ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం విల్నెవ్-లూబే పట్టణపు నిషేధాన్ని నిలిపివేసింది. అయితే 2022లో గ్రెనోబుల్ నగరం తన ఈతకొలనులలో దీనిని అనుమతించబోగా, అదే న్యాయస్థానం ఆ అనుమతిని నిలిపివేసిన ఉత్తర్వును సమర్థించింది. ఫ్రాన్సు ఈతకొలనులలో పురుషులకూ ఒక కొలత ఉంది: వదులుగా ఉండే పొడుగు నిక్కర్లను చాలాచోట్ల అనుమతించరు, ఒంటికి అంటుకునే చిన్న నిక్కరే వేసుకోవాలి. వీధిలో తిరిగిన నిక్కరుతోనే నీటిలోకి దిగుతారన్నది దానికి చెప్పే కారణం. ఇది నీటి పరిశుభ్రతకు సంబంధించిన వాదన కనుక దానితో ఏకీభవించినా విభేదించినా కనీసం చర్చించవచ్చు. ఒక దుస్తు దేనికి గుర్తు అన్న వాదనలో అటువంటి చర్చకు చోటుండదు.

అమెరికాలో చాలా ఈతకొలనుల దగ్గర నూలు దుస్తులు వద్దన్న బోర్డు ఉంటుంది. చుడీదార్‌తోనో టీషర్టుతోనో దిగబోయిన భారతీయ స్త్రీని అక్కడి పర్యవేక్షకులు ఆపినప్పుడు ఆమెకు అది తన సంస్కృతిపై తీర్పులా వినిపించవచ్చు. నిజానికి నూలు పోగులు ఊడి నీటిని శుద్ధి చేసే యంత్రంలో చిక్కుకుంటాయి. తడిసిన వదులు బట్ట ఈతకు అడ్డం. ఒంటినిండా కప్పే ఈత బట్టతో అదే స్త్రీ వస్తే చాలాచోట్ల అభ్యంతరం ఉండదు. అభ్యంతరం బట్ట రకానికా, దేహాన్ని కప్పినందుకా అని ముందే అడిగి తెలుసుకుంటే అనవసరమైన అవమానభారం తప్పుతుంది.

ఒడ్డున ఉన్న చీర

తెలుగు సంస్కృతిలో నీటికీ బట్టకూ సంబంధించిన అతి ప్రసిద్ధమైన ఘట్టం గోపికావస్త్రాపహరణం. పోతన భాగవతం దశమస్కంధం ద్వారా, హరికథల ద్వారా, గోడల మీది చిత్రాల ద్వారా ఇది అందరికీ తెలిసినదే. కాత్యాయనీ వ్రతం చేసే గోపికలు యమునలో స్నానం చేస్తుంటే కృష్ణుడు వారి వలువలు తీసుకుని చెట్టెక్కుతాడు. భక్తిపరంగా దీనికి ఎన్నో వ్యాఖ్యానాలు ఉన్నాయి. వాటిని కాదనవలసిన పని లేదు. ఈ పరిశీలనకు కావలసినది కథ నడిచే తీరు. నీళ్ళలో స్త్రీలు, ఒడ్డున బట్టలు, ఆ బట్టలు మరొకరి చేతిలో. వ్రతంలో ఉండి వివస్త్రలై నీటిలోకి దిగడం దేవతల పట్ల అపరాధమన్న వాదన కూడా అక్కడ వస్తుంది.

కె. వి. రెడ్డి దర్శకత్వంలో 1961లో వచ్చిన జగదేకవీరుని కథలో ఈ అమరికే మరో రూపంలో కనిపిస్తుంది. జలక్రీడలకు భూమికి దిగిన ఇంద్రకుమారి చీర నాయకుడి చేతికి చిక్కుతుంది. ఆ చీర ఎవరి దగ్గర ఉందన్నదే తరువాతి కథను నడిపిస్తుంది. తెలుగు ప్రేక్షకులు తరతరాలుగా ప్రేమించిన ఈ కథలలో నీరు స్త్రీకి ఆటస్థలం, ఒడ్డు ఆమెకు పరీక్షాస్థలం. నీటిలో ఉన్నంతసేపు స్వేచ్ఛ, పైకి రావాలంటే అనుమతి.

పుష్కరాలలో, కార్తీక స్నానాలలో లక్షలాది స్త్రీలు చీరతోనే మునుగుతారు. అది మునక; ఈత కాదు. దాదాపు అయిదున్నర మీటర్ల చీరతో మూడు మునకలు వేయడం కష్టమేమీ కాదు. ఈదాలంటే మాత్రం చీర కాళ్ళకు చుట్టుకుంటుంది, ప్రతి కదలికకూ నీటిని తనతో లాగుతుంది. తడిసిన బట్ట బరువు నీటిలో ఉన్నంతసేపు పెద్దగా తెలియదు. ఒడ్డెక్కబోయే క్షణంలో, అంటే ఒంట్లో శక్తి అంతా అయిపోయాక, ఆ బరువు మీద పడుతుంది. సముద్రం మీద బతికే జాలరులకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. వలకు వెళ్ళే పురుషుడు గోచీ బిగించాడు. పొలంలో దిగుబడి నీళ్ళలో పనిచేసే స్త్రీ చీరను గోచీపోసి కట్టింది. పనిలో దిగినవారు బట్టను పనికి తగినట్టు మలచుకున్నారు. స్త్రీకి ఈత ఒక పనిగా లెక్కకు రాలేదు కనుక దానికొక కట్టు ఏర్పడలేదు.

ఆధునిక ఈత దుస్తు భారతీయ ప్రజల కంటికి ఈత ద్వారా కన్నా తెర ద్వారా ఎక్కువగా పరిచయమయింది. 1966లో ఫిల్మ్‌ఫేర్ ముఖచిత్రం మీద షర్మిలా టాగూర్ బికినీలో కనిపించినప్పుడు లేచిన దుమారం ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. అంతకు ఏడేళ్ళ ముందు, 1959లో, ఆరతీ సాహా ఇంగ్లీష్ ఛానల్ ఈది, ఆ ఘనత సాధించిన తొలి ఆసియా మహిళ అయింది. ఆమె వేసుకున్నదీ ఈత దుస్తే. జనం జ్ఞాపకంలో ఈత దుస్తు అనగానే మొదటి చిత్రమే మెదులుతుంది, రెండోది మెదలదు. తెలుగు సినిమాలోనూ తరువాతి కాలంలో ఆ దుస్తు నాయిక కన్నా వాంప్ పాత్రకూ, పాటల విదేశీ దృశ్యాలకూ చెందినదిగా స్థిరపడింది. ఈ జ్ఞాపకాన్ని మోసుకుని సముద్రతీరానికి వెళ్ళిన తెలుగు స్త్రీ ఆ దుస్తును పనిముట్టుగా చూడలేకపోతే ఆశ్చర్యం లేదు.

మరో జ్ఞాపకానికి కూడా ఇప్పుడు ఆధారాలున్నాయి. హైదరాబాదులో స్థిరపడిన గోలి శ్యామల నలభయ్యో పడి దాటాక ఈత నేర్చుకుని, 2021లో పాక్ జలసంధిని ఈదారు. తరువాత విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా రోజుల తరబడి సముద్రంలో ఈదుకుంటూ వచ్చారు. ఆమె ఫోటోలలో ఈత దుస్తు, టోపీ, కళ్ళద్దాలు కనిపిస్తాయి. వాటిని చూసినవారికి అవి ఆమె పనికి కావలసిన వస్తువులుగా తప్ప మరొకలా తోచవు.

ఎండ చెప్పే తీర్పు

మూడవ తీర్పరి ఎండ. మార్గదర్శినులు దుస్తులకు తోడు వస్తువుల జాబితా ఇస్తాయి. వెడల్పు అంచు గడ్డి టోపీ, పెద్ద అద్దాల కళ్ళజోడు, పైన వేసుకోవడానికి పల్చటి వల బట్ట. ఈ వస్తువులన్నీ మొదట ఎండ కోసం పుట్టినవే. ఫోటో కోసం ఎంచుకునేటప్పుడు వాటి అసలు పని మరుగునపడింది. సందులు పెద్దవిగా అల్లిన గడ్డి టోపీ ముఖం మీద అందమైన నీడల జాలీని పరుస్తుంది. ఆ సందులలోంచి ఎండ కూడా దిగుతుంది. కళ్ళద్దం ఎంత నల్లగా ఉన్నా అతినీలలోహిత కిరణాలను ఆపకపోతే మేలుకన్నా కీడే ఎక్కువ. చీకటికి కనుపాప విచ్చుకుని ఆ కిరణాలను మరింతగా లోపలికి రానిస్తుంది. యూవీ 400 అన్న గుర్తు ఉన్న చవక కళ్ళజోడు ఆ గుర్తు లేని ఖరీదైన దానికన్నా మెరుగు.

బట్ట ఎండను ఎంత ఆపుతుందో కొలిచే ప్రమాణాన్ని ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాలు 1996లో మొదటిసారి ప్రకటించాయి. యూపీఎఫ్ అనే ఈ అంకె 50 అయితే కిరణాలలో యాభయ్యో వంతు, అంటే 2 శాతం మాత్రమే బట్టను దాటుతుంది. మామూలు తెల్ల నూలు టీషర్టుకు ఈ అంకె సుమారు 5 నుంచి 7 దాకా ఉంటుంది. తడిస్తే ఇంకా తగ్గుతుంది. అంటే స్విమ్‌సూట్ మీద తెల్ల టీషర్టు తొడుక్కుని గంటల తరబడి నీటిలో ఆడే పిల్లవాడికి రక్షణ ఉన్నట్టు కనిపిస్తుందే తప్ప తగినంత ఉండదు. పొడుగు చేతుల రాష్ గార్డు ఆ పని చేస్తుంది.

చామనచాయ వారికి ఎండ ఏమీ చేయదన్న ధీమా తెలుగు కుటుంబాలలో బలంగా ఉంది. మెలనిన్ కొంత రక్షణ ఇస్తుందన్నది నిజం. ఆ రక్షణ పూర్తిది కాదు. కళ్ళకు అది అసలు వర్తించదు. మరోవైపు, నల్లబడతామన్న భయంతో నీడ వదలని వారూ అదే కుటుంబాలలో ఉంటారు. ఒకరు ఎండను పట్టించుకోరు, మరొకరు ఎండ వల్ల మారే రంగును మాత్రమే పట్టించుకుంటారు. చర్మం ఆరోగ్యం ఇద్దరి లెక్కలోనూ లేదు.

బట్ట కప్పని చోట సన్‌స్క్రీన్ అవసరం. పెద్దవారి ఒంటికంతటికీ సుమారు 30 మిల్లీలీటర్లు పట్టాలి; రెండు గంటలకొకసారీ, నీటినుంచి వచ్చి తుడుచుకున్నాకా మళ్ళీ పూయాలి. హవాయిలో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని పగడపు దిబ్బలకు హాని అన్న కారణంతో 2021 జనవరి 1 నుంచి నిషేధించారు. ఒంటిని కప్పే బట్ట ఎక్కువైనకొద్దీ పూయవలసిన మందు తగ్గుతుంది. సంప్రదాయం పేరుతో ఒంటినిండా కప్పుకునేవారూ, చర్మవైద్యుల సలహాపై కప్పుకునేవారూ చివరికి దుకాణంలో ఒకే అర దగ్గర నిలబడతారు.

నీటి ప్రమాణం

నీటి వైపు నుంచి ఎంపిక చేయాలంటే చూడవలసినవి ఎక్కువేమీ లేవు. మొదటిది బట్ట. నైలాన్, స్పాండెక్స్ కలిపిన బట్ట సాగుతుంది, త్వరగా ఆరుతుంది. క్లోరిన్ స్పాండెక్స్‌ను క్రమంగా తినేస్తుంది కనుక రోజూ ఈతకొలనుకు వెళ్ళేవారికి పాలిస్టర్ రకాలు ఎక్కువ కాలం మన్నుతాయి. ఏ బట్టయినా వాడిన వెంటనే మంచినీళ్ళలో జాడించి నీడలో ఆరవేయాలి. రెండోది అమరిక. చేతులు పైకెత్తి, వంగి, కూర్చుని చూసినప్పుడు సర్దుకోవలసిన అవసరం రాకూడదు. పొడిగా ఉన్నప్పుడే సర్దుకోవలసి వచ్చే దుస్తు అల తగిలినప్పుడు నిలవదు. కొనేచోట అద్దం ముందు నిలబడి చూసుకోవడం కన్నా రెండు నిమిషాలు ఒంగి లేవడం ఎక్కువ చెబుతుంది.

మూడోది రంగు. ఏ రంగు ఎవరికి నప్పుతుందని మార్గదర్శినులు పేజీలు నింపుతాయి. నీలి రంగు దుస్తు నీలి అడుగున్న ఈతకొలనులో కలిసిపోతుందని మాత్రం చెప్పవు. లేత నీలం, తెలుపు నీటిలో కంటికి ఆనవు; మెరిసే నారింజ, పసుపుపచ్చ వంటివి తొందరగా కనిపిస్తాయి. పిల్లల విషయంలో ఇది అందానికి సంబంధించిన ఎంపిక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో చిన్నపిల్లల వాటా పెద్దది. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆటవస్తువులు. అవి జారతాయి, గాలి పోతుంది. అమెరికాలో కోస్ట్ గార్డ్ ఆమోదం పొందిన లైఫ్ జాకెట్ వాటికి బదులుగా వాడదగినది. ఏ వస్తువూ పక్కనే ఉన్న పెద్దవారి చూపుకు ప్రత్యామ్నాయం కాదు.

ఇంతచేసీ అందం అక్కరలేదని అనడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. నచ్చిన రంగు, నచ్చిన కత్తిరింపు వేసుకుని నలుగురిలో తిరగడం ఒక సంతోషం. విహారయాత్రకు వెళ్ళేదే సంతోషం కోసం. మార్గదర్శినుల లోపం అందాన్ని పట్టించుకోవడంలో లేదు. దేహాన్ని లోపాల జాబితాగా చదివి, ఆ లోపాలను సరిదిద్దడమే దుస్తు పని అని ఒప్పించడంలో ఉంది. ఆ చదువు చదివిన స్త్రీ ఏ దుస్తు వేసుకున్నా పై నుంచి తువ్వాలు తీయలేదు.

విదేశాలలో ఉన్న తెలుగు కుటుంబాలకు కన్ను అనే తీర్పరి రెండింతలు. ఒకటి తీరంలో ఉన్న అపరిచితులది. మరొకటి ఫోటో రూపంలో ఆ సాయంత్రానికే ఊళ్ళోని బంధువుల ఫోనుకు చేరేది. మొదటి కంటికి బట్ట ఎక్కువైందేమోనని, రెండో కంటికి తక్కువైందేమోనని ఒకే మనిషి ఒకే గంటలో సంకోచించవచ్చు. రాష్ గార్డు, మోకాళ్ళ దాకా వచ్చే ఈత లెగ్గింగ్స్ వంటివి ఇప్పుడు మామూలు దుకాణాలలో దొరుకుతున్నాయి. అవి ఈ రెండు కళ్ళకూ ఏదో ఒక జవాబు చెబుతాయి. ఎండకూ నీటికీ మాత్రం పూర్తిగా సరిపోతాయి. పురుషులకూ ఇది వర్తిస్తుంది. పొట్ట కనిపిస్తుందని చొక్కా విప్పని తండ్రి, అదే కారణంతో నీటిలోకీ దిగడు.

పిల్లలను వారానికి రెండుసార్లు ఈత తరగతులకు తీసుకువెళ్ళే తల్లిదండ్రులు ఈతకొలను చుట్టూ వేసిన బల్లల మీద పొడి బట్టలతో కూర్చుంటారు. ఆ పిల్లలు వేసవిలో సముద్రానికి వెళ్ళినప్పుడు లోతెరిగినవారు పిల్లలే. కాపలా కాసేవారు ఈత రానివారు. అలల లాగుడుకు చిక్కిన పిల్లవాడి కోసం ఒడ్డునుంచి చీరతోనో జీన్స్‌తోనో పరుగెత్తి దిగిన పెద్దవారు కూడా ఆ లాగుడులోనే చిక్కుకుంటారు. బల్ల మీద కూర్చున్న ఆ తల్లిదండ్రుల కోసం రాసే మార్గదర్శిని ఉంటే, అందులో మొదటి వాక్యం దేహాకారం గురించి ఉండదు. పిల్లల తరగతి ముగిశాక పెద్దల తరగతి ఎన్ని గంటలకో, దానికి ఎటువంటి బట్ట వేసుకురావాలో చెబుతుంది.